బెంచీల వైపు చూసిన మనిషి

అక్క సంతాపసభలో బావ మైకు పట్టుకుని ఒక మాటన్నాడు. "మా ఆవిడ నిక్కచ్చి మనిషి. ఆ ఫైనల్ రోజున మాత్రం పొరబడింది. చివరి రోజుల్లో ఆ సంగతి తనే నాతో ఒప్పుకుని కన్నీళ్లు పెట్టుకుంది."

హాల్లో అందరూ అయ్యో పాపం అన్నారు. ముందు వరసలో ఒకాయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. ఒకప్పుడు ఇదే హాల్లో మా అక్క మీదికి నీళ్ల సీసా విసిరినవాడు ఆయనే.

బావ చెప్పింది అబద్ధం. పోయిన మనిషి నోట్లో పెట్టిన అబద్ధం. లేచొచ్చి కాదనే వీలు ఆమెకి లేదు. అందుకని నాకు గుర్తున్నంతా రాస్తున్నాను.

అక్క పగలంతా ఒక కళ్లజోళ్ల దుకాణం వెనకగదిలో కూర్చుని అద్దాల అంచులు అరగదీసి ఫ్రేములకి బిగించేది. గోళ్ల సందుల్లో ఎప్పుడూ తెల్లటి పొడి ఉండేది. సాయంత్రం ఆ పొడి కడుక్కుని, బూడిదరంగు చొక్కా, నల్ల ప్యాంటు వేసుకుని, మెళ్లో ఈల తగిలించుకుని బాస్కెట్‌బాల్ హాలుకి పోయేది. కాలేజీలో తనూ ఆడింది. మోకాలు పాడయ్యాక రిఫరీ పరీక్ష పాసయింది. పగలు ఏం పని చేస్తుందో ఊరందరికీ తెలుసు కనక, గ్యాలరీ వాళ్లకి తిట్లు వెతుక్కునే శ్రమ ఉండేది కాదు.

"అద్దాలమ్మా! ఒక జత నువ్వూ పెట్టుకోవే!"

"అరువైనా ఇవ్వరా మీ షాపులో?"

ఒకసారి ఓడిన జట్టు మనిషొకడు మర్నాడు పొద్దున్నే దుకాణానికి వచ్చి, మంచి దళసరి అద్దాలు కావాలన్నాడు. ఎవరికండీ అంటే "మీకే" అన్నాడు. నేనక్కడే ఉన్నాను. అక్క కోపం తెచ్చుకోలేదు. అతన్ని కుర్చీలో కూర్చోబెట్టి గోడమీద అక్షరాలు చదవమంది. కింది రెండు వరసలూ చదవలేక అతను నీళ్లు నమిలాడు. "ముందు మీవి తీసుకెళ్లండి, నా సంగతి తర్వాత చూద్దాం" అంది. అతను నిజంగానే కళ్లజోడు చేయించుకుపోయాడు. తర్వాతి మ్యాచ్‌కి ఆ జోడు పెట్టుకుని వచ్చి మరీ తిట్టాడు.

ఆట ఆగినప్పుడు జనం టీకి లేస్తారు. అక్క అసలు పని అప్పుడు మొదలయ్యేది. బంతి తుంటికి ఆనించి పట్టుకుని, కోర్టు మధ్యకి వెళ్లి, బెంచీల వైపు ముఖం పెట్టి నిలబడేది. టైమవుట్‌లో కోచ్ ఎవరి చొక్కా పట్టుకుని గుంజుతున్నాడు, ఎవడు తువ్వాలు విసిరికొట్టాడు, ఎవడు నీళ్ల సీసాని ఎదుటివాళ్ల వైపు తన్నాడు, అన్నీ చూసేది. "ఆడేటప్పుడు అందరి కళ్లూ వాడిమీదే ఉంటాయి కాబట్టి ప్రతివాడూ బుద్ధిమంతుడేనే. కూర్చున్నప్పుడు చూడాలి" అనేది నాతో.

ఒకసారి సగం ఆట విరామంలో ఒక ఆటగాడు లోపలి నడవాలో ఆమెకి ఎదురొచ్చి, ముఖం దగ్గరగా వెటకారంగా చప్పట్లు కొట్టాడు. అక్క ఈల ఊది, అమర్యాదకి శిక్షగా టెక్నికల్ ఫౌల్ ఇచ్చింది.

"ఇప్పుడు ఆటెక్కడుంది? విరామం కదా!" అన్నాడు వాడు.

"ఆడటానికే విరామం నాయనా. నీ చేతులక్కాదు."

ఆ మూడో క్వార్టర్ ఎదుటి జట్టు ఫ్రీ త్రోతో మొదలైంది. ఆ పూట నడవాలోంచి బయటికొచ్చేసరికి అక్క చొక్కా వీపంతా ఉమ్మి. ఇంటికొచ్చి చొక్కా తనే ఉతుక్కుంది. బావ చూసి, "నువ్వూ ఊరుకోవు కదా" అన్నాడు, అంతే.

బావ మిల్లు జట్టుకి కోచ్. చూడ్డానికి బావుంటాడు, మాట చక్కగా ఉంటుంది, ఎవరి భుజం మీద చెయ్యి వెయ్యాలో తెలిసిన మనిషి. అక్కా ఆయనా ఒకే కోర్టులో ఆడి పెరిగినవాళ్లు కనక ఒకరినొకరు నువ్వు అనే పిలుచుకునేవాళ్లు. మా అమ్మకి అది నచ్చేది కాదు. "మొగుణ్ణి నువ్వంటావేంటే, ఆయనేమన్నా నీ జట్టువాడా?" అనేది. "కాదమ్మా, ఎదుటి జట్టు" అనేది అక్క. అప్పటికది సరదా మాటే.

వాళ్ల వంటింటి బల్ల దగ్గర ఒకరోజు భోజనాలయ్యాక అక్క నాకు తన పని వివరించింది. దుకాణం నుంచి తెచ్చిన ఖాళీ కళ్లజోడు పెట్టెలు రెండు వరసలుగా పేర్చింది. ఇవి బెంచీలు అంది. మధ్యలో రెండు చెంచాలు అడ్డంగా పడేసింది. ఇది కొట్లాట.

"రిఫరీలం ముగ్గురం ఉంటాం. ఒకరే లోపలికెళ్లి విడదీస్తారు. మిగతా ఇద్దరూ వెనక్కి తగ్గాలి. చెరో బెంచీనీ చూడాలి. కొట్లాట మొదలయ్యాక బెంచీ గీత దాటి ఎవడు వచ్చినా వాడు బయటికే. చెయ్యి ఎత్తక్కర్లేదు, దాటితే చాలు."

"వాళ్లు కొట్టుకుంటుంటే నువ్వు చూస్తూ నిలబడతావా?" అన్నాను.

"నిలబడ్డమే కష్టం. కాళ్లు వాటంతటవే లోపలికి పోతాయి."

బావ మంచినీళ్లు తాగుతూ, "కోచ్ దాటొచ్చుగా?" అన్నాడు.

"దాటొచ్చు. విడదీయడానికి మాత్రమే."

"మరి విడదీస్తున్నాడో లేదో చూసేదెవరు?"

అక్క కాసేపు పెట్టెల వైపు చూసింది. "అడిగావు చూడు. అదొక్కటే మా కంత. లోపలున్నవాడు కొట్టుకునేవాళ్లని చూస్తాడు. మేం అనుమతి లేనివాళ్లని చూస్తాం. అనుమతి ఉన్నవాణ్ణి ఎవరూ చూడరు."

"భలే" అన్నాడు బావ. నవ్వి, గ్లాసు బోర్లించి లేచాడు.

ఆ నవ్వు నేనూ విన్నాను. నాకేమీ అనిపించలేదు.

ఆ ఏడాది లీగ్ ఫైనల్ మిల్లు జట్టుకీ బస్సు డిపో జట్టుకీ పడింది. గెలిస్తే బావని పెద్ద జట్టుకి, అంటే అన్ని ఊళ్లనుంచీ ఏరి కూర్చే జట్టుకి, కోచ్‌గా వేస్తారని ఖాయంగా అనుకుంటున్నారు. మొగుడి జట్టు ఆడే మ్యాచ్‌లకి అక్క ఎప్పుడూ పోదు. ఆ పూట మాత్రం రావలసిన రిఫరీ ఒకాయన జ్వరంతో పడిపోయాడు. ఇంకెవరూ దొరకలేదు. రెండు జట్లూ సరేనంటే ఆమెని పెడతామన్నారు.

"మాకభ్యంతరం లేదు, ఆవిడ మొగుడని చూసే రకం కాదు" అన్నాడు డిపో కోచ్.

"అదే కదా నా బాధ!" అన్నాడు బావ. అందరూ నవ్వారు.

అమ్మా నేనూ స్కోరుబల్ల వెనక గ్యాలరీలో కూర్చున్నాం. డిపో జట్టులో ఒక పొడుగాటి కుర్రవాడు ఉండేవాడు, అందరూ నిచ్చెన అనేవాళ్లు. ఆ పూట అతన్ని ఆపడం మిల్లు వాళ్ల తరం కాలేదు. మూడో క్వార్టర్ అయిపోయిందని బజర్ మోగేసరికి మిల్లు జట్టు బాగా వెనకబడి ఉంది. రెండు జట్లూ తమ తమ బెంచీల వైపు నడుస్తూ ఒకరికొకరు అడ్డంగా వెళ్లారు. మిల్లు కెప్టెన్ నిచ్చెనకి భుజం తగిలించి వాళ్లమ్మని ఏదో అన్నాడు. నిచ్చెన తోశాడు. కెప్టెన్ పిడికిలితో ఒకటి కొట్టాడు.

ఆ పూట పెద్ద రిఫరీ ఒక బట్టతల మాస్టారు, బళ్లో డ్రిల్లు చెప్పేవాడు. ఆయన మధ్యలోకి దూరి కెప్టెన్ నడుం పట్టుకున్నాడు. చిన్న రిఫరీ వెనక్కి తగ్గి డిపో బెంచీ వైపు తిరిగాడు. అక్క మిల్లు బెంచీ వైపు. గ్యాలరీ మొత్తం లేచి నిలబడింది. "కొట్రా! చంపెయ్ వాణ్ణి!" అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

బావ రెండు చేతులూ పైకెత్తి "ఆగండి, ఆగండి" అంటూ లోపలికి నడిచాడు. నిచ్చెనని వెనకనుంచి రెండు చేతులతో చుట్టి పట్టుకున్నాడు. "శాంతం, శాంతం" అంటున్నాడు, మాకు వినపడుతోంది. ఇంతలో కెప్టెన్ మాస్టారి పట్టు విడిపించుకుని మళ్లీ వచ్చి కొట్టాడు. నిచ్చెన కూలబడ్డాడు. దవడ విరిగింది.

ఈలలు మోగాయి. ఎవరి బెంచీ దగ్గరికి వాళ్లని పంపారు. ముగ్గురు రిఫరీలూ మధ్యలో తలలు దగ్గరపెట్టి మాట్లాడుకున్నారు. బట్టతల మాస్టారు రెండుసార్లు తల అడ్డంగా ఊపాడు. అక్క మళ్లీ ఏదో చెప్పింది. ఆయన జేబురుమాలుతో తల తుడుచుకుని, సరే నీ ఇష్టం అన్నట్టు చెయ్యి విదిలించాడు. అక్క స్కోరుబల్ల దగ్గరికి వచ్చింది. మిల్లు కెప్టెన్ బయటికి. గీత దాటిన మిల్లు ఆటగాడొకడు, బయటికి. తర్వాత, బయటికి పంపే సైగగా రెండు పిడికిళ్లూ ఎత్తి, బావ వైపు చూపించింది.

"నేనా! నేను విడదీస్తుంటే?"

"కోచ్‌గారూ, బయటికి వెళ్లండి." అక్క ఆయన్ని గారు అనడం నేను వినడం అదే మొదలు.

"ఇంట్లో తేల్చుకుందాం పద!" గ్యాలరీలోంచి ఎవడో అరిచాడు. నవ్వులు. ఆ తర్వాత నీళ్ల సీసా వచ్చి అక్క చెవి పక్కన తగిలింది. ఆమె చెవి తడుముకోలేదు. నేలమీద నీళ్లు తుడిచే మనిషిని పిలిచి, ఆట మొదలు పెట్టించింది. మిల్లు జట్టు ఓడిపోయింది.

లీగ్ కమిటీ విచారణ పెట్టింది. నేరం నిలబడితే బావకి నిషేధం, పెద్ద జట్టు ఆశ గల్లంతు. నిలబడకపోతే అక్కకి ఇక ఈల ఉండదు. ముందురోజు అమ్మ వచ్చి కూర్చుంది.

"అంత రభసలో ఎవరికేం కనపడుతుందే? కాస్త మసగ్గా కనిపించిందని చెప్పు. ఆయన పరువూ దక్కుతుంది, నీ కాపురమూ దక్కుతుంది."

"మసగ్గా కనిపించేవాళ్లకి అద్దాలు బిగిస్తానమ్మా. నాకు బాగానే కనిపించింది."

"ఎంత పొగరే నీకు!"

"మరి ఆ దవడ విరిగినవాడికి ఒక అమ్మ ఉండదా? ఆవిడకేం చెప్పమంటావు?"

అమ్మ లేచింది. పోతూ పోతూ గడపలో, "ఆవిడ నాకేమీ కాదు" అంది.

విచారణ జరిగిన గది హాలు పక్కనే, పాత బంతులు, చిరిగిన వలలు పడేసే గది. బల్ల వెనక ముగ్గురు పెద్దమనుషులు. అధ్యక్షుడు బావకి చిన్ననాటి స్నేహితుడు. బట్టతల మాస్టారు "నా వీపు అటుంది" అన్నాడు. చిన్న రిఫరీ "నేను డిపో బెంచీ చూస్తున్నాను" అన్నాడు. నిచ్చెన దవడకి తీగలు చుట్టి ఉన్నాయి, మాట రాదు. ఏమడిగినా తల ఊపాడు, అది దేనికి ఔనో తెలియదన్నారు.

"అమ్మా, మీ పని బెంచీ చూడటం కదా. మీ ఆయన్నెందుకు చూశారు?" అన్నాడు అధ్యక్షుడు.

"బెంచీ దాటినవాళ్లని చూడటం నా పనండీ. ఆయనా బెంచీ దాటే వచ్చాడు. అనుమతితో దాటాడు, అంతే."

"అంత కొట్లాటలో ఎదుటివాణ్ణి పట్టుకోవడం తప్పా?"

"కాదు. దెబ్బ వస్తుంటే వదలకపోవడం తప్పు. వచ్చే దెబ్బ వైపుకి తిప్పడం ఇంకా తప్పు. ఎడమ కాలు వెనక్కి వేసి, అతన్ని అటు తిప్పాడు."

ఇంకొకాయన గొంతు తగ్గించి, "ఇంట్లో మీ ఇద్దరికీ ఏమైనా…" అన్నాడు.

"ఇంట్లో గొడవలు ఉన్నాయో లేవో ఈ బల్ల మీద చెప్పను. కోర్టులో జరిగింది అడగండి."

బావ అప్పటిదాకా నేల చూపులు చూస్తున్నాడు. అక్కడ తలెత్తి, "దీనికి నేనంటే ద్వేషమండీ" అన్నాడు. దీనికి. నేను తలుపు దగ్గర నిలబడి విన్నాను.

అందరూ ఆవిడ మాట తోసిపుచ్చుతారనుకున్నారు. తోసిపుచ్చేవారే. కానీ అధ్యక్షుడు ఊరికే, మాటవరసకి, మిల్లు కెప్టెన్‌ని లోపలికి పిలిచాడు. ఎలాగూ బయటికి పోయినవాడు, అన్నం పెట్టే ఉద్యోగం పోతుందని భయపడుతున్నవాడు. "నేనొక్కణ్ణే మునగాలా? సారు పట్టుకుని నాకేసి తల ఊపితేనే కదా రెండోసారి కొట్టింది!" అని ఏడ్చేశాడు. సత్యం మీద ప్రేమ కొద్దీ కాదు, కడుపుమంట కొద్దీ చెప్పాడు. బావకి నిషేధం పడింది.

ఆ రాత్రి ఆ ఇంట్లో ఏం జరిగిందో అక్క చాలా కాలానికి చెప్పింది. బావ ఒకే ఒక్క ప్రశ్న అడిగాడట. "నువ్వు నన్ను చూడవనుకున్నాను. ఎందుకు చూశావు?"

"కొట్లాట ఆపడానికొచ్చేవాడు కొట్టుకునేవాళ్లని చూస్తూ వస్తాడు. నువ్వు ముందు మా ముగ్గుర్నీ చూశావు. ఎవరు ఎటు తిరిగున్నారో చూసుకుని అప్పుడు అడుగేశావు. ఈ బల్ల మీద నేను పేర్చి చూపించింది నువ్వు అక్కడ వాడుకున్నావు."

బావ కుర్చీ వెనక్కి తన్ని లేచిపోయాడట.

వాళ్లు విడిపోలేదు. విడిపోవాలంటే ఇద్దరిలో ఒకరు లేచి బయటికి నడవాలి, ఆ ఇద్దరూ లేచే రకం కాదు. ముందుగది ఆయనది, వెనకగది ఆవిడది, మధ్యలో వంటిల్లు. ఒకరు తింటుంటే ఇంకొకరు రారు. నేను వెళ్తే నాతో ఒకరి గురించి ఒకరు మాట్లాడేవాళ్లు, ఎదురెదురుగా కూర్చుని. "మీ అక్కని ఆ కిటికీ వెయ్యమను." "మీ బావకి చేతులున్నాయిగా." ఆ ఇంట్లో కాసేపు కూర్చుంటే నా మెడ నరాలు పట్టేసేవి. మిల్లు వాళ్లు బావని కోచ్ పనినుంచి తీసేసి గోదాములో వేశారు. అక్క మ్యాచ్‌లకి పోతూనే ఉంది. గ్యాలరీలో పాత తిట్లు పోయి కొత్తది వచ్చింది: "మొగుణ్ణి తిన్నది!" వయసు మీద పడి, పరుగు సాగక, ఈల పక్కన పెట్టేదాకా అదే తిట్టు విన్నది. ఒకసారి నేను గ్యాలరీలో ఆ మాటన్నవాడి కాలర్ పట్టుకున్నాను. విరామంలో అక్క కోర్టు మీదనుంచే నావైపు వేలు చూపి, "నువ్వు కూర్చో" అంది. తిట్టినవాణ్ణి ఏమీ అనలేదు. నేను ఇప్పటికీ అందుకు ఆమెని క్షమించలేదు.

జబ్బు చేసి ఆస్పత్రిలో ఉన్నప్పుడు నేనే దగ్గరున్నాను. ఒక మధ్యాహ్నం బావ వచ్చాడు. మంచం పక్కన స్టూలు లాక్కుని కూర్చున్నాడు. నేను లేవబోతే అక్క నా చీర కొంగు పట్టుకుంది.

"ఇప్పటికైనా ఒక్కమాట అను" అన్నాడు. "పొరబడ్డానను. ఎవరికీ చెప్పను. నా కోసం."

అక్క గొంతు అప్పటికే సన్నబడిపోయింది. "నీ ఒక్కడి సంగతైతే అనేద్దును. ఆ పిల్లాడి దవడ మాటేంటి?"

"చచ్చేటప్పుడు కూడా మారవా?"

"నువ్వు మారావా?"

బావ స్టూలు గోడకి నెట్టి వెళ్లిపోయాడు. మళ్లీ రాలేదు. ఒప్పుకోవడం, కన్నీళ్లు, ఇవన్నీ ఎప్పుడు జరిగాయో ఆయనకే తెలియాలి. ఆ గది వదిలి నేనెక్కడికీ పోలేదు.

ఇప్పుడు సంతాపసభ దగ్గరికి వస్తాను. బావ మాట ముగించగానే వెనక వరసలోంచి ఒక పొడుగాటి మనిషి లేచాడు. జుట్టు నెరిసింది, దవడ ఒకవైపు కిందికి జారి ఉంది. నిచ్చెన. వేరే ఊరినుంచి వచ్చాడు. అక్క ఫొటో వైపు, మైకు వైపు నడుస్తున్నాడు.

బావ వేదిక మీదనుంచి దిగాడు. దిగేముందు హాలంతా ఒకసారి చూశాడు. ముందు వరస పెద్దలు ఎటు చూస్తున్నారు, ఫొటోలు తీసేవాడు ఎక్కడున్నాడు. గోడవార నిలబడ్డ నన్ను చూడలేదు. అప్పుడు రెండు చేతులూ చాపి ఎదురెళ్లాడు.

"రావయ్యా రా! పాతవన్నీ మర్చిపోదాం. మా ఆవిడే లేనప్పుడు మనకింకేముంది!"

కౌగిలించుకున్నాడు. హాల్లో చప్పట్లు. నేను ముఖాలు వదిలేసి చేతులు చూశాను. బావ చేతులు అతని మోచేతుల పైన బిగించి ఉన్నాయి. అతన్ని మెల్లగా ఫొటోవాడి వైపు తిప్పుతున్నాడు. నిచ్చెన చేతులు లేవబోయి ఆగిపోయాయి.

"బావగారూ, ఆయన్ని వదలండి" అన్నాను.

"ఏంటమ్మా?" నవ్వు చెరగలేదు. పట్టూ వదల్లేదు.

"వదలండి. ఆయన మైకు దగ్గరికి వస్తున్నాడు, మీరు పట్టుకుని ఆపుతున్నారు."

చప్పట్లు ఆగిపోయాయి. కళ్లజోడు తుడుచుకున్న పెద్దమనిషి విసుక్కున్నాడు. "సంతాపసభలో ఈ గొడవేంటమ్మా? అచ్చం మీ అక్క బుద్ధులే!"

"అవునండీ" అన్నాను. "ఆవిడ బుద్ధులే. బావగారూ, చేతులు."

బావ నావైపు చూసిన చూపు నేను ఆ వంటింట్లో చాలాసార్లు చూసిందే. చేతులు వదిలాడు. నిచ్చెన మోచేతులు రుద్దుకుంటూ మైకు ముందుకి వెళ్లాడు. ఆ దవడతో మాట సరిగా పలకదు, అయినా హాలంతా వినపడింది.

"దెబ్బ వస్తుంటే నన్ను అటు తిప్పింది ఈయన. చూసింది ఆవిడొక్కతే. ఆవిడ పొరబడలేదు."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. వెనకాల కొందరు చెప్పులు వెతుక్కోవడం మొదలుపెట్టారు. సభ నడిపిస్తున్నాయన ఇంకెవరైనా మాట్లాడతారా అన్నాడు, ఎవరూ లేవలేదు. బావ ముందు వరసలో తన కుర్చీలో కూర్చుని చేతులు ఒళ్లో పెట్టుకున్నాడు. సభ ముగిసేదాకా కదల్లేదు. నేను ఆ చేతుల మీదనుంచి కళ్లు తీయలేదు.